రాతబల్ల ప్రారంభోత్సవం

మా ఆఫీసులో పని చాలా చిన్నది. కాలువ మీద ఏ తూము షట్టరు ఎత్తాలో, ఏది దించాలో ఒక్క వాక్యంలో టైపు చేసి, కాగితం మీద అచ్చు తీసి, మా పెద్ద ఇంజనీరు ఈఈ గారి సంతకం పెట్టించి లాకుల దగ్గరికి పంపడం. అక్కడ లస్కరు ఆ కాగితం చూసి షట్టరు ఎత్తుతాడు. నోటిమాటకి ఎత్తడు, ఫోనుకి ఎత్తడు, చేత్తో రాసిన చీటీకి అసలే ఎత్తడు. వెనకటికి ఎవరో ఈఈ గారి గొంతుతో ఫోను చేసి తన చేపల చెరువు నింపుకున్నాడు. అప్పట్నుంచి రాతబల్లలో టైపు చేసిన ఉత్తర్వుకి తప్ప మా డివిజనులో నీళ్లు కదలవు.

రాతబల్ల అంటే కంప్యూటర్లో అక్షరాలు టైపు చేసుకునే సాఫ్ట్‌వేరు. అంతకు మించి దానికి బిరుదులేమీ లేవు. తెరిస్తే తెల్లటి తెర, కొడితే నల్లటి అక్షరం. నేను కుర్చీలో సర్దుకునేలోపే తెరుచుకునేది. తెరుచుకుంటూ ఒక్క పని చేసేది: మన పేరు మీద ఉన్న ఆరంభ ఫైలు చదువుకునేది. అక్షరాలు ఎంత లావుండాలి, తెర ఏ రంగులో ఉండాలి లాంటి సొంత ముచ్చట్లు ఎవరివి వాళ్లు అందులో రాసుకుంటారు. ఇవన్నీ చూసుకునేది కంప్యూటర్ సెక్షను. కంప్యూటర్ సెక్షనంటే త్రిమూర్తులు అనే నేనూ, తిరిగితే తిరిగే ఒక ఫ్యానూ.

తర్వాత అనుబంధాలొచ్చాయి. తేదీ దానంతటదే వేసేది ఒకటి, ముద్ర బొమ్మ వేసేది ఒకటి, తప్పులు దిద్దేది ఒకటి. పొట్లం కట్టి అమ్మే మసాలా లాగా తెచ్చి రాతబల్లలో కలుపుకోవడమే. ఏ సెక్షను వాళ్లు ఆ సెక్షనుకి కొనుక్కున్నారు. అందులో తేదీ అనుబంధం కాస్త చొరవ గలది. అది వస్తూనే ఈఈ గారి సొంత ఆరంభ ఫైల్లోకి చొరబడి, తనకి కావలసినవి రాసుకుని, ఆయన లావుపాటి అక్షరాలను చీమలంత చేసి కూర్చుంది.

ఈఈ సర్వోత్తమరావు గారికి కళ్లలో శుక్లాలున్నాయి. ఆపరేషను ఆషాఢం వెళ్లాక చేయించుకుందామని ఆగారు. అప్పటిదాకా తనకి కనిపించడం లేదన్న సంగతి బయటపడకూడదని ఆయన పట్టుదల. ఆయన సంతకానికి వచ్చే కాగితాలూ ఆ ఫైల్లోని కొలత ప్రకారమే అచ్చవుతాయి. ఆ రోజు ఆయన ముందు చీమలంత అక్షరాలతో రెండు కాగితాలున్నాయి. ఒకటి లాకులకి వెళ్లాల్సింది, ఒకటి మా క్యాంటీనుకి వెళ్లాల్సింది. రెండింటినీ దీర్ఘంగా చదివినట్టు చూసి, సంతకాలు చేసి, ఇది అక్కడికి, అది ఇక్కడికి అని పంపించేశారు.

ఆ పూట లస్కరుకి "కొత్త అట్ల పెనము మంజూరు చేయడమైనది" అని ఉత్తర్వు అందింది. అతను పెనం కోసం సాయంత్రం దాకా గట్టు మీద ఎదురు చూశాడు. క్యాంటీనుకి "షట్టరు రెండడుగుల మేర మాత్రమే ఎత్తవలెను" అని అందింది. క్యాంటీనతను ప్రభుత్వ ఉత్తర్వుని గౌరవించే మనిషి. ఆ రోజు టీ తాగాలనుకున్న వాళ్లమంతా నేల మీద పాక్కుంటూ లోపలికి వెళ్లాం. సూపరింటెండెంటు భీమశంకరం గారు సగం దూరాక ఇరుక్కుపోయారు.

ఇరుక్కున్న చోటే ఆయన కమిటీ వేయాలని నిర్ణయించారు.

కమిటీ అడిగిందని నేను అరకాగితం మీద రాసిచ్చాను. ఏ అనుబంధమూ మనుషుల సొంత ఆరంభ ఫైలు ముట్టుకోకూడదు. తనకి కావలసినవి ఒక చిన్న ఫైల్లో రాసుకుని అందరికీ ఉమ్మడిగా ఉన్న అరలో పెట్టాలి. రాతబల్ల మొదట ఆ అర చదవాలి, ఆఖరున మనిషి సొంత ఫైలు చదవాలి, అప్పుడు ఎవరేం చేసినా ఆ మనిషి మాటే నెగ్గుతుంది. అనుబంధాన్ని తీసేశాక దాని ఫైలు అరలో మిగిలిపోతే, నా యజమాని లేడు కదా అని చూసుకుని నోరెత్తకుండా తప్పుకోవాలి. అంతే.

భీమశంకరం గారు కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశారు. అక్కడేమీ లేదు.

"ఏమయ్యా త్రిమూర్తులూ, ఇది విధానమా, కిరాణా చీటీనా? ఇందులో ఉపోద్ఘాతం ఏదీ? ఉద్దేశాలేవీ?"

"పనికి ఇది చాలండి."

"పనికి చాలొచ్చు. పరిపాలనకి చాలదు. సరే, ఉమ్మడి అరలో పెట్టాలన్నావు. ఏ వరసలో?"

"ఏ వరసైనా ఫరవాలేదండి. ఫైలు పేరు ముందు ఒక అంకె పెడితే ఆ వరసలో చదువుతుంది. అన్నిటికీ యాభై పెట్టేసినా అక్షర క్రమంలో చదువుకుంటుంది."

"అన్నిటికీ యాభయ్యా?" ఆయన లేచి నిలబడ్డారు. "వేదిక మీద అందరికీ ఒకటే కుర్చీ వేస్తావటయ్యా?"

ఇక్కడ భీమశంకరం గారి గురించి ఒక మాట చెప్పాలి. మా డివిజనులో ఏ సన్మాన సభ జరిగినా నడిపేది ఆయనే. శాలువాలు మడతపెట్టడం దగ్గర్నుంచి మైకు లాక్కోవడం దాకా ఆయన చేతి మీదే. ఒకసారి ఆహ్వాన పత్రికలో పేర్ల వరస తప్పిందని ఒక పెద్దాయన శాలువా కప్పించుకుని మరీ అలిగి వెళ్లిపోయాడు. ఆనాటి నుంచి ఆయనకి లోకంలో ఏ రెండు వస్తువులు పక్కపక్కన కనబడినా, వీటిలో పెద్దదేది అన్న దిగులే. నా అరకాగితంలో ఆయనకి సాఫ్ట్‌వేరు కనబడలేదు. సభ కనబడింది.

విధానం వచ్చింది. "ఇందుమూలముగా సమస్త అనుబంధములకు తెలియజేయునది" అని మొదలైంది. అనుబంధాలు తమ తమ హోదా ప్రకారం వరసలో వేంచేయాలి. ప్రతి అనుబంధమూ తెర మీదికి రాగానే తన పేరు, సెక్షను, తనని మంజూరు చేసిన అధికారి పేరు చెప్పుకోవాలి. తనకి ముందు వచ్చిన వాళ్లందరికీ పేరుపేరునా నమస్కరించాలి. నమస్కారం అందినట్టుగా, రాతబల్ల ముందు కూర్చున్న ఉద్యోగి "సరే" అన్న మీట నొక్కాలి. తీసేసిన అనుబంధాల సంగతి కూడా ఆలోచించారు. నేను నోరెత్తకుండా తప్పుకోమన్నాను. అది మర్యాద కాదన్నారు. "అనివార్య కారణముల వలన హాజరు కాలేకపోవుచున్నందులకు చింతించుచున్నాను" అని సందేశం పంపాలన్నారు. దానికీ ఒక "సరే".

మనిషి సొంత ఫైలు మాత్రం అసలు చదవనక్కర్లేదన్నారు. "వ్యక్తిగత అభిరుచులు వ్యవస్థకు అతీతము కావు" అని రాశారు. అంటే ఈఈ గారి అక్షరాలు చీమలంతే ఉండిపోయాయి. ఎందుకు మొదలైందో ఆ సంగతి తప్ప మిగతావన్నీ విధానంలో ఉన్నాయి. ఈఈ గారు ఆ విధానాన్ని కూడా దీర్ఘంగా చూసి సంతకం చేశారు.

వెంకాయమ్మ గారు మా ఆఫీసుకి వచ్చింది అప్పుడే.

ఆవిడది శివారు పొలం. కాలువ నీళ్లు అందరి చేలూ తడిపి, ఓపికుంటే ఆఖరున ఆవిడ చేలోకి వెళ్తాయి. నారు పోసింది. నారుమడి, ఆవిడ మాటలో ఆకుమడి, నెర్రెలు విచ్చుతోంది. శివారు తూము షట్టరు ఎత్తమని ఒక్క వాక్యం టైపు చేస్తే చాలు. పిడికెడు నారు పీక్కొచ్చి తడిగుడ్డలో చుట్టి, అది తెచ్చి నా బల్ల మీద నేను మంచినీళ్లు తాగే గ్లాసులో పెట్టింది.

"సూడండి బాబూ, ఇలాగున్నాది. ఇంకో నాలుగు ఎండలు కాత్తే గడ్డే. ఆ కాయితం ముక్క ఒకటి కొట్టిచ్చేయండి, ఎల్లిపోతాను."

"కూర్చోండమ్మా. రాతబల్ల తెరుస్తున్నాను."

ముద్ర అనుబంధం తెర మీదికి వచ్చి తనని తాను పరిచయం చేసుకుంది. "సరే" నొక్కాను. తప్పులు దిద్దే అనుబంధం వచ్చి ముద్ర అనుబంధానికి నమస్కరించింది. "సరే". తేదీ అనుబంధం వచ్చి ఆ ఇద్దరికీ నమస్కరించింది. "సరే". క్యాంటీను బిల్లుల అనుబంధం, సెలవుల అనుబంధం, వానలెక్కల అనుబంధం వచ్చాయి. ఎప్పుడో పోయిన ఒక పాత అనుబంధం రాలేకపోతున్నందుకు చింతించింది. వెంకాయమ్మ గారు నా భుజం మీదుగా తొంగి చూస్తోంది.

"ఏటండీ ఇది, సభా?"

"అలాంటిదేనండి."

"దీపం ఎలిగించేసేరా, ఇంకా లేదా?"

నేను పళ్లు కొరుక్కుని "సరే" నొక్కుతూనే ఉన్నాను. సభ సగంలో ఉండగా కరెంటు పోయింది. వచ్చాక మళ్లీ మొదటి నమస్కారం నుంచి రావాల్సిందే. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, "రేపొత్తానండి" అని వెళ్లిపోయింది. గ్లాసులో నారు అక్కడే ఉండిపోయింది.

మర్నాటికి వరస మీద గొడవ మొదలైంది. ముద్రల సెక్షను వాళ్లు తమ ఫైలుకి ఒకటి అంకె పెట్టుకున్నారు. ముద్ర లేనిదే ప్రభుత్వం లేదని వాళ్ల వాదన. తేదీ లేనిదే ముద్ర ఎప్పుడు వేశారో ఎవరికి తెలుస్తుందని తపాలా సెక్షను వాళ్లు తమ తేదీ ఫైలుకి సున్నా పెట్టారు. వీళ్లు రెండు సున్నాలు, వాళ్లు మూడు సున్నాలు. సున్నాలు బారులు తీరి ఫైళ్ల పేర్లు తెర దాటి పోయాయి. భీమశంకరం గారు ఇద్దర్నీ పిలిచి, ఉభయులూ సహృదయంతో మెలగవలసిందిగా కోరారు. ఉభయులూ చెరో సున్నా పెంచారు.

ఆ గొడవ సర్దుకుందంటే అది నా నోటి దురద వల్లే. విసుగెత్తి అనేశాను: "అయ్యా, ముందొచ్చిన దానికి ఒరిగేదేం లేదండి. ముందు వాళ్లు పెట్టినదాన్ని తర్వాత వాళ్లు మార్చేయొచ్చు. ఆఖరున వచ్చిన దానిదే పెత్తనం."

భీమశంకరం గారు మెల్లగా తల పంకించారు.

"నిజమే సుమా. ముఖ్య అతిథి మాట్లాడేది ఆఖరునే కదా! ఇన్నాళ్లూ మనం ముఖ్య అతిథిని ప్రార్థనా గీతం పాడే అమ్మాయి పక్కన కూర్చోబెట్టాం."

ఆ క్షణం నుంచి సున్నాలు రాలిపోయి తొమ్మిదులు మొలిచాయి. తొంభై తొమ్మిది, తొమ్మిది వందల తొంభై తొమ్మిది, అలా. ఇవి కూడా తెర దాటాక తపాలా సెక్షను వాళ్లు ఊళ్లోంచి ఎవర్నో పిలిపించి తమ అనుబంధానికి ఒక తెలివి నేర్పించారు. అది తెరుచుకోగానే, నా వెనక ఇంకెవరైనా ఉన్నారా అని చూస్తుంది. ఉంటే లేచి వెళ్లి వాళ్ల వెనక నిలబడుతుంది. సాయంత్రానికి ముద్రల సెక్షను వాళ్లూ అదే తెలివి నేర్పించారు.

మూడోసారి వెంకాయమ్మ గారు అన్నం క్యారేజీతో సహా వచ్చింది. నమస్కారాలన్నీ అయ్యాయి. చివర్న ముద్ర అనుబంధం "మీ తరువాతే నేను" అని తేదీ వెనక్కి వెళ్లింది. తేదీ "లేదు, మీ తరువాతే నేను" అని ముద్ర వెనక్కి వెళ్లింది. మళ్లీ ముద్ర. మళ్లీ తేదీ. ప్రతిదానికీ నేను "సరే" నొక్కాలి.

అటుగా వచ్చిన ఈఈ గారికి ఎవరో అది చదివి వినిపించారు. ఆయన కదిలిపోయారు.

"ఎంత సంస్కారం! మనుషుల్లో పోయింది గాని యంత్రాల్లో ఉంది చూశారా?" ఆయన చూపు నా బల్ల మీదున్న ఆకుపచ్చని మసక మీద పడింది. "ఆఫీసులో మొక్కలు పెంచుతున్నావే! శభాష్. ప్రతి బల్ల మీదా ఒకటుండాలి."

"అది నా ఆకండి," అంది వెంకాయమ్మ గారు.

"చాలా సంతోషమమ్మా," అని ఆయన వెళ్లిపోయారు.

రెండు రోజుల్లో ప్రతి బల్ల మీదా గ్లాసూ, గ్లాసులో ఏదో ఒక ఆకూ వెలిశాయి. వాటికి నీళ్లు పోసే బాధ్యత ఎవరిదన్న విషయం భీమశంకరం గారి పరిశీలనలో ఉంది.

ఆ తర్వాత ఇంకోసారి వచ్చింది వెంకాయమ్మ గారు. అంతకుముందు వస్తూనే కాలువ గట్టు కబుర్లూ, పక్క చేనువాడి మీద తిట్లూ చెప్పేది. ఈసారి బల్ల పక్కన నేల మీద చతికిలబడి, గ్లాసులో నారు బయటికి తీసి వేళ్లు చూసింది. తెల్లటి కొత్త వేళ్లు పుట్టుకొచ్చాయి.

"మీ గలాసులో బతికేసిందండి," అంది. "మళ్లోది పసుపు తిరిగిపోయింది. రేపో ఎల్లుండో దున్నేయడమే. ఇత్తనాలు కూడా లేవింక."

తెర మీద ముద్రా తేదీ ఒకదాని వెనక ఒకటి తిరుగుతూనే ఉన్నాయి. నేను "సరే" మీట మీంచి వేలు తీసేశాను.

రాతబల్లకి ఒక పాత సౌకర్యం ఉంది. ఏ ఆరంభ ఫైలూ చదవకుండా, ఉమ్మడి అర వైపే చూడకుండా, పుట్టినప్పుడు ఎలా ఉందో అలా ఒట్టిగా తెరవమని చెప్పొచ్చు. చెడిపోయినప్పుడు రిపేరు చేసుకోవడానికి పెట్టారు. పెద్దలు వేదిక మీదుండగా అలా తెరవడం ధిక్కారమని విధానంలో ఉంది, మెమో ఇస్తారు. ఇస్తే ఇచ్చుకోనీ అనుకుని ఒట్టిగా తెరిచాను.

రెప్పపాటులో తెల్లటి తెర వచ్చింది. నమస్కారం లేదు, చింత లేదు. అంత నిశ్శబ్దం చూసి ఎంతకాలమైందో! అక్షరాలు బాగా లావు చేసి "శివారు తూము షట్టరు వెంటనే పూర్తిగా ఎత్తవలెను" అని కొట్టి, అచ్చు తీసి, సరాసరి ఈఈ గారి గదిలోకి వెళ్లాను. వెంకాయమ్మ గారు నారు పట్టుకుని నా వెనకే వచ్చింది. ఆవిడ వెనక భీమశంకరం గారు పరిగెత్తుకొచ్చారు.

"సార్, సంతకం పెట్టకండి! అందులో ముద్ర లేదు, వరస లేదు, ఎవరూ ఎవరికీ నమస్కరించలేదు. సభ జరక్కుండానే వందన సమర్పణ చేసేశాడు సార్ వీడు!"

ఈఈ గారు కాగితం అలవాటుగా దీర్ఘంగా చూశారు. చూస్తూ చూస్తూ ఆయన మొహం మారిపోయింది. కాగితం కొంచెం దూరం పెట్టారు, దగ్గరికి తెచ్చుకున్నారు. తర్వాత పైకే చదివారు, పలకా బలపం పట్టిన పిల్లాడిలా కూడబలుక్కుని: "శివారు తూము... షట్టరు... వెంటనే... పూర్తిగా ఎత్తవలెను."

"ఆయ్, అదేనండి నాక్కావాల్సింది!" అంది వెంకాయమ్మ గారు.

"భీమశంకరం గారూ," అన్నారు ఈఈ గారు, "ఈ మధ్యకాలంలో ఇంత స్పష్టమైన ఉత్తర్వు నా దృష్టికి రాలేదు." సంతకం కూడా ఎప్పటికంటే పెద్దదిగా పెట్టారు.

లస్కరు కాగితం ఎగాదిగా చూసి, పెనం ప్రస్తావన లేదని రూఢి చేసుకుని షట్టరు ఎత్తాడు. నీళ్లు శివారు చేరేసరికి చీకటి పడిందట. మడిలో సగం నారు చచ్చింది, సగం తేరుకుంది. ఆ సగమే పలచగా నాటుకుని, గ్లాసులో పిడికెడు కూడా ఒక మూల గుచ్చానని వెంకాయమ్మ గారు తర్వాత చెప్పింది. ఆ మాట విన్న పూట నాకు అన్నం సయించింది.

మెమో రాలేదు. అంతకంటే పెద్దదే వచ్చింది. నన్ను ఈఈ గారి గదికి పిలిచి శాలువా కప్పారు. భీమశంకరం గారు మైకు అక్కర్లేని గదిలో మైకు పట్టుకుని మాట్లాడారు. ఒట్టిగా తెరవడం అనే మహత్తర ప్రక్రియని ఒక వ్యక్తి చొరవకి వదిలేయడం భావ్యం కాదని, దాన్ని వ్యవస్థీకృతం చేస్తున్నామని చెప్పారు. ఇకమీదట రాతబల్లని ఒట్టిగా తెరవడానికి ఒక అనుబంధం ఉంటుంది. అది ఏ సెక్షనుకీ అన్యాయం జరక్కుండా సెక్షనుకి ఒకటి చొప్పున ఉంటుంది. ఏది ముందు ఒట్టిగా తెరవాలన్నది హోదా ప్రకారం నిర్ణయిస్తారు. తెరవబోయే ముందు ఒకరికొకరు నమస్కరించుకుంటారు. పాత సౌకర్యాన్ని, ఇక అవసరం లేదు కనక, తీయించేశారు.

వెంకాయమ్మ గారు మళ్లీ నిన్న వచ్చింది. చేతిలో క్యారేజీ, చంకలో మడత చాప. రెండో పంటకి, అంటే దాళ్వాకి, నీళ్ల కాగితం కావాలంది.

"అదేంటమ్మా, ఇప్పుడున్న సార్వా చేను ఇంకా కొయ్యనేలేదు కదా? కంకులు కూడా ముదరలేదు."

"మరేనండి. అందుకే ఇప్పుడొచ్చాను." చాప కూడా పరవకుండా బల్లకి ఆనించి, క్యారేజీ నా ముందు పెట్టింది. "ఇది మీకేనండి, పులిహోర. మీరు ఆ బల్ల తెరవడం మొదలెట్టండి. నేనెళ్లి కోత కోసి, కుప్పలేసి, నూర్చుకునొచ్చేత్తాను."

నేను మొదటి "సరే" నొక్కాను.